గుట్ట మీద తాడు పట్టిన అక్క

ఆ కబురు నాకు ఎయిర్‌పోర్టులో తెలిసింది. లోపలికి వెళ్ళే గేటు ముందు జనాన్ని వరుసలో నిలబెట్టడం నా పని. ఆ రోజు మక్కాకు ఉమ్రా యాత్రకు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఉన్నారు. ఒక్కరు ప్రయాణమైతే సాగనంపడానికి ఇరవై మంది వస్తారు. పూలదండలు, కౌగిలింతలు, కళ్ళనీళ్ళు. ఎవరినీ కసరకుండా టికెట్ ఉన్నవాళ్ళను ఒక పక్కకు, లేనివాళ్ళను ఇంకో పక్కకు జరుపుతుంటే, గుంపులోంచి ఒక పెద్దాయన "బేటీ" అని పిలిచాడు. ఆరేళ్ళ కిందట నేను పనిచేసిన గుట్ట పార్కులో మొక్కలకు నీళ్ళు పట్టే చాచా. వాళ్ళ చెల్లెలిని సాగనంపడానికి వచ్చాడట. మా అమ్మ గురించి అడిగాడు, కొలువు ఎట్లా ఉందని అడిగాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"పైన ఉండే అమ్మ పోయింది బేటీ. మొన్న శుక్కురారం, జుమ్మా రోజు. నాలుగు రోజులు దవాఖానల ఉండె."

నేను "అవునా" అన్నాను. వెనక ఎవరో ట్రాలీతో దారి అడిగితే జరిగాను. మళ్ళీ తిరిగేసరికి చాచా వాళ్ళవాళ్ళతో కలిసి ముందుకు వెళ్ళిపోయాడు. ఆ తరువాత రెండు గంటలు ఎప్పటిలాగే పనిచేశాను. డ్యూటీ దిగి షటిల్ బస్సులో కూర్చున్నాకనే నాకు అసలు సంగతి తట్టింది. ఆ ఆదివారం నా తప్పు లేదని చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆమె చెప్పకుండానే పోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. గుట్ట మీద కూడా ఆమెను పేరుతో పిలిచిన వాళ్ళు లేరు. మాకందరికీ అక్క, వచ్చేవాళ్ళకు మేడం, చాచాకు పైన ఉండే అమ్మ.

గుట్ట పెద్దదేమీ కాదు. శంషాబాద్ దాటి లోపలికి వెళ్తే వస్తుంది. మెట్లు కొంత, బండలు కొంత, నలభై నిమిషాల ఎక్కుడు. కానీ కొస మీద ఒక వెడల్పాటి నున్నటి బండ ఉంది. దాని మీద నిలబడితే రన్‌వే మొత్తం కనిపిస్తుంది, దిగే విమానం కడుపు చేతికందేటంత కిందుగా పోతుంది. ఎవరో వీడియో తీసి పెట్టిన తరువాత ఇక ఆదివారం వస్తే అత్తాపూర్ నుంచి, రాజేంద్రనగర్ నుంచి, పాతబస్తీ నుంచి కార్లు, బైకులు బారులు తీరి వచ్చేవి. పార్కు వాళ్ళు నియమాలు పెట్టారు. నిప్పు వద్దు, ప్లాస్టిక్ వద్దు, ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి డ్రోన్ అసలే వద్దు. అన్నిటికంటే పెద్ద నియమం, కొసబండ మీద ఒక్కసారి అరవై మందికి మించి ఉండొద్దు. అందుకని దారిలో రెండు చోట్ల తాడు కట్టారు. సగం దారిలో మెట్లు ఇరుకయ్యే మలుపు దగ్గర ఒకటి, అక్కడ నేను. కొసబండ అంచున ఒకటి, అక్కడ ఆమె. మా మధ్య వాకీటాకీ.

నేను డిగ్రీ అయిపోయి బుద్వేల్‌లో ఇంట్లో కూర్చున్న రోజుల్లో దొరికిన పని అది. ఆమెకు అప్పటికే యాభై దాటాయి. కందుకూరు పక్క ఊరు. చీర మీద నిండు చేతుల ఖాకీ అంగీ, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, నుదుట రూపాయంత బొట్టు. మెడలో విజిల్ వేలాడేది కాని నేనున్న ఏడాదిన్నరలో ఆమె ఒక్కసారి కూడా ఊదలేదు. మొదటి రోజు నేను ఉత్సాహంగా ఊదితే పైనుంచి దిగి వచ్చి నా మెడలో విజిల్ తీసి తన జేబులో వేసుకుంది. విజిల్ కొడితే మంది ఉలిక్కిపడతారు, బండ మీద ఉలిక్కిపడ్డవాడు ఎక్కడ పడతాడో ఆలోచించు అంది. కోపం లేకుండా అంది. అందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

లెక్కకు ఆమె దగ్గర అరవై చింతగింజలు ఉండేవి. ఎడమ జేబులో అరవై. ఒక మనిషి బండ ఎక్కితే ఒక గింజ కుడి జేబులోకి, దిగితే మళ్ళీ ఎడమ జేబులోకి. మాట్లాడుతూనే, నీళ్ళు తాగుతూనే, ఎవరి చెప్పో జారితే పట్టి ఇస్తూనే చేతులు ఆ పని చేసుకుపోయేవి. ఎడమ జేబు ఖాళీ అయిందంటే తాడు పడ్డట్టే. ఆఫీసు వాళ్ళు బటన్ నొక్కితే అంకె మారే యంత్రం ఒకటి ఇచ్చారు. దాన్ని ఆమె గౌరవంగా సంచిలోనే ఉంచింది.

బండ అంచున నిలబడి ఫోటో దిగొద్దని బోర్డు ఉండేది. ఎవరు చదువుతారు? ఆమె బోర్డును చూపించేది కాదు. తానే వెళ్ళి ఆ అంచున కూర్చునేది, రొట్టె సద్ది విప్పుకొని. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ఒక పెద్దమనిషి అన్నం తింటుంటే మీద నుంచి దాటి ఎవరూ పోరు. అల్లరి చేసే గుంపు వస్తే అందులో అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి పట్టుకొని, "తమ్మీ, జర ఈ అవ్వను చెయ్యి పట్టి ఎక్కియ్యరాదే" అనేది. ఆ తమ్ముడు అవ్వ చెయ్యి పట్టుకున్నాక వాడి గొంతు దానంతటదే తగ్గేది. ఒకసారి ఫలానా నాయకుడి బావమరిదినంటూ ఒకాయన వరుస దాటి వచ్చాడు. ఆమె ఆయనకు నమస్కారం పెట్టి, మీరు వరుసలో నిలబడితే మిమ్మల్ని చూసి అందరూ నిలబడతారు సార్ అంది. ఆయన నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు, ఎండలో, గర్వంగా.

వచ్చిన ప్రతి గుంపుకూ ఆమె చెప్పే మాట ఒక్కటే. "ఎక్కుడు మీ ఇష్టం. దించుడు నా జిమ్మ."

ఇంకో సంగతి నేను చాలా రోజులకు గమనించాను. తలమీద నుంచి రోజుకు ఎన్నో విమానాలు పోయేవి. బండ మీద ఉన్నవాళ్ళందరి తలలూ పైకి లేచేవి. ఆమె మాత్రం కిందికి చూసేది. ఎందుకని అడిగితే, "అందరు మీదికి చూసినప్పుడు ఎవ్వల కాళ్ళను వాళ్ళు మరుస్తరు పిల్లా. గప్పుడే మనం చూడాలె" అంది. ఇప్పటికీ ఎయిర్‌పోర్టులో ఎవరైనా సినిమా మనిషి వస్తే జనం అంతా అటు తిరుగుతారు. నేను వాళ్ళ కాళ్ళ దగ్గరున్న పెట్టెలను, పసిపిల్లలను చూస్తాను. ఆమె నేర్పిన పనితోనే బతుకుతున్నాను. ఆ సంగతి కాదనను.

తేనెటీగల రోజు గురించి చెప్పాలి. కొసబండ కింద వంపులో పెద్ద తేనెతుట్టె ఉండేది. ఎవరో కాలేజీ కుర్రవాళ్ళు దాచి తెచ్చిన డ్రోన్‌ను బండ వెనక నుంచి లేపారు. అది వెళ్ళి తుట్టెకు తగిలింది. నేను మలుపు దగ్గర ఉన్నాను. పైన మోత వినిపించింది, తరువాత కేకలు. వాకీటాకీలో ఆమె గొంతు మామూలుగానే వచ్చింది. కిందవాళ్ళను ఆపు, మెట్లు ఖాళీ చెయ్యి, నేను పది పది మందిని దింపుత అంది. నేను మెట్లు ఖాళీ చేయించాను. పైన ఆమె ఏం చేసిందో తరువాత చాచా చెప్పాడు. పరుగెత్తబోయిన వాళ్ళకు అడ్డంగా చేతులు చాచి నిలబడిందట. అందరినీ ఎక్కడివాళ్ళను అక్కడ కూర్చోబెట్టి, చున్నీలు, కొంగులు, అంగీలు తలమీద కప్పుకొమ్మని, చప్పుడు చేయొద్దని చెప్పిందట. తన ఖాకీ అంగీ విప్పి ఒక చంటిపిల్ల తల్లికి కప్పిందట. అరవై మంది బండ మీద బస్తాల్లా కదలకుండా కూర్చున్నారు. మోత తగ్గాక ఆమె అంగీ మళ్ళీ తొడుక్కుంది. పది మంది, మళ్ళీ పది మంది, చేతులు పట్టుకొని దిగారు. చివర ఆమె దిగింది. ముఖం, మెడ, చేతులు ఉబ్బిపోయి కన్ను తెరుచుకోలేదు. నేను ఏడుస్తుంటే, కుడి జేబు తడిమి చూపించి, ఒక్క గింజ కూడా మిగల్లేదు చూడు అని నవ్వింది.

ఆ సాయంత్రం దవాఖాన నుంచి వచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకొని ఒక మాట చెప్పింది.

"కింద నువ్వు, మీద నేను. మనం ఒకలకొకలం కనిపియ్యం. నడుమ మాటొక్కటే ఉంటది. ఆ మాట తప్పొద్దు."

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. నేను "పంపనా?" అని అడగాలి. ఆమె "పంపు" అనాలి. నేను "పంపుతున్న" అని తిరిగి చెప్పాలి. అప్పుడే తాడు ఎత్తాలి. ఆ మూడు మాటలూ లేకుండా నేనెప్పుడూ తాడు ఎత్తలేదు. ఆమెను నేను మా అమ్మకంటే ఎక్కువ నమ్మాను. ఈ మాట మా అమ్మకు కూడా తెలుసు.

ఆ ఏడు వానాకాలంలో ముసురు విడిచిన మొదటి ఆదివారం. బండలు ఇంకా తడిగానే ఉన్నాయి. తొమ్మిది కాకముందే మలుపు దగ్గర వందమందికి పైగా ఆగిపోయారు. కింద గేటు దగ్గర కార్లు రోడ్డు మీదికి వచ్చేశాయి. నేను తాడు పట్టుకొని నిలబడ్డాను. పైనుంచి దిగినవాళ్ళు పదిమంది కూడా లేరు. అప్పుడు వాకీటాకీలో ఆమె గొంతు వచ్చింది. నేను అడగకముందే వచ్చింది.

"పంపు పిల్లా. అందరిని పంపు."

నాకు అర్థం కాలేదు. దిగినవాళ్ళు తక్కువ ఉన్నారక్కా, పంపనా అని అడిగాను. పంపు అంది. బండ తడిగా ఉంది గద అక్కా అన్నాను. ఈసారి కొంచెం విసుగ్గా, "పంపు అన్న గద" అంది. "పంపుతున్న" అని చెప్పి తాడు ఎత్తాను.

పావుగంట తరువాత విమానం ఒకటి చాలా కిందుగా వచ్చింది. ఆ మోత పోకముందే పైన అరుపులు. నేను జనాన్ని తోసుకుంటూ ఎక్కాను. బండ మీద కాలు పెట్టే చోటు లేదు. విమానం కోసం అందరూ ఒక్కసారిగా ఒక పక్కకు జరిగారు. ఆ తోపులో అత్తాపూర్ నుంచి చుట్టాల పిల్లలతో వచ్చిన ఒకామె తడిబండ మీద జారి రెండు బండల సందులో పడింది. తుంటి ఎముక విరిగింది. నేను వెళ్ళేసరికి అక్క ఆ సందులోకి దిగి, ఆమె తలను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. స్ట్రెచర్ వచ్చేదాకా అట్లాగే కూర్చుంది. ఖాళీగా ఉన్న చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బుగులు పడకు పిల్లా. నేనున్న గద" అంది.

బుధవారం ఆఫీసులో విచారణ జరిగింది. బల్లకు అటువైపు ముగ్గురు. అందులో ఒకరు మా సూపర్‌వైజర్ సారు. నేను మూడు మాటల పద్ధతి గురించి చెప్పాను, ఆమె ఎన్నిసార్లు పంపు అందో చెప్పాను. నాకు భయం లేదు. నా తరువాత ఆమె చెబుతుంది, అంతా సరిపోతుంది అనుకున్నాను. ఆమెను పిలిచారు. ఖాకీ అంగీ ఇస్త్రీ చేసుకొని వచ్చింది. నా పక్కనే నిలబడింది. ఎదురుగా గోడకున్న గడియారం వైపు చూస్తూ చెప్పింది.

"నేను ఆపుమన్న సార్. ఆమె ఇనలే."

అంతే. నేను అక్కా అన్నాను. ఆమె తిరగలేదు. వాకీటాకీలో అన్న మాటలు ఎక్కడా నిలవ ఉండవు. నాతో పాటు మలుపు దగ్గర విన్నవాళ్ళు ఆదివారం వచ్చిపోయిన జనం, వాళ్ళను ఎక్కడని వెతకను? బయటికి వచ్చాక నేను మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను, ఆమె వచ్చి ఏదో ఒకటి చెబుతుందని. ఆమె వెనక గేటు నుంచి వెళ్ళిపోయింది.

నిర్లక్ష్యం వల్ల తొలగిస్తున్నామని కాగితం ఇచ్చారు. అప్పటికే, నేను తాడు ఎత్తుతున్నప్పుడు ఎవరో తీసిన వీడియో తిరుగుతోంది. నా ముఖం స్పష్టంగా ఉంది. జనాన్ని చావుకు పంపిన పిల్ల ఇదేనని కింద రాశారు. మా వాడకట్టులో ఆడవాళ్ళు మా అమ్మను అడిగారు. ఎనిమిది నెలలు నేను గుమ్మం దాటలేదు. దాటింది ఒక్కసారే. మా అమ్మ నన్ను తీసుకొని ఆ అత్తాపూర్ ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగించింది. చేయని తప్పుకు ఆ మంచం పక్కన నిలబడి దండం పెట్టాను. ఆమె ముఖం గోడకు తిప్పుకుంది. ఆమె నిజంగానే నొప్పితో ఉంది, ఆమెను ఏమంటాను?

ఎయిర్‌పోర్టులో పని దొరికాక, రెండేళ్ళకు, శంషాబాద్ బస్టాండులో అక్క కనిపించింది. సన్నబడింది. నేను తప్పుకోబోయాను. తానే వచ్చి పక్కన కూర్చుంది. నా మెడలో ఎయిర్‌పోర్టు కార్డు చూసి, మంచి కొలువే అంది. ఆమె సంచిలోంచి సీతాఫలం తీసి రెండుగా చేసి సగం నా ఒళ్ళో పెట్టింది. నేను దాన్ని ముట్టలేదు. అప్పుడు చెప్పింది. ఆ రోజు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడట. ఎవరో గెస్టులు కార్లలో వస్తున్నారు, గేటు దగ్గర దారి లేదు, మందిని జల్దీ పైకి పంపించెయ్ అన్నాడట. తడి ఉంది సార్ అంటే, వచ్చే నెల ఎవరిని కొలువులో ఉంచాలో రాసేది నేనే అన్నాడట. విచారణ రోజు ఆయన బల్లకు అటువైపే కూర్చున్నాడు.

"సారును అంటే నా కొలువు పోతది. ఇంట్ల ఆయన మంచంల ఉండె. నువ్వు చిన్నదానివి, చదువుకున్నదానివి, ఇంకోటి దొరుకుతది అనుకున్న" అంది. కొంచెం ఆగి, "దొరికింది గద" అంది.

ఆ ఆఖరి మాట దగ్గర నాలో ఏదో తెగింది. కొలువు గురించి కాదక్కా, నా ముఖం గురించి, మా అమ్మ గురించి అని చెప్పబోయాను. చివరికి ఒక్కటే అడిగాను. ఆఫీసులో కాకపోయినా సరే, మనిషనేవాడికి ఎవరికైనా ఒక్కరికి ఆ మాట చెప్తావా అని అడిగాను. ఆమె పండు గింజలు ఒక్కొక్కటే అరచేతిలోకి ఊసుకుంటూ, ఇగ అయిపోయిందానికి ఎందుకు పిల్లా అంది. నాకు అయిపోలేదు అన్నాను. కందుకూరు బస్సు వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి లేచి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆమెను మళ్ళీ చూడలేదు.

చాచా కబురు చెప్పిన రెండు వారాలకు, దినాలు అయిపోయాక, నేను వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దారంతా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఒక్కరికైనా చెప్పి ఉంటుందేమో అన్న ఆశ ఒకటి ఉంది. ఆమెను చూడాలని కూడా ఉంది, చూడటానికి ఇక ఏమీ లేదని తెలిసినా.

రేకుల ఇల్లు, ముందు సిమెంటు అరుగు. కూతురు మిషన్ కుడుతోంది. నా ఈడుదే. గుట్ట పార్కులో అమ్మతో పనిచేశానని చెప్పగానే లేచి లోపలికి రమ్మంది. గోడ మీద ఫోటోలో కూడా ఖాకీ అంగీనే. గుర్తింపు కార్డులో బొమ్మను పెద్దది చేయించారు. కూతురు చాయ్ తెచ్చింది. అమ్మ ఆఖరి నాలుగు రోజుల గురించి చెప్పింది. ఊపిరి ఆడక ఎంత బాధపడిందో, అయినా దవాఖాన వార్డులో పక్క మంచాల వాళ్ళ చుట్టాలను ఎట్లా వరుసగా రమ్మనేదో చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. మా ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి. అప్పుడు నన్ను పరీక్షగా చూసింది.

"అక్కా, కింది తాడు కాడ ఉండేది నువ్వేనా?"

అవునన్నాను. ఆమె చేయి నా చేతి మీద వేసింది.

"అమ్మ చెప్పేది. ఆపు ఆపు అని ఎంత మొత్తుకున్నా కిందున్న పిల్ల ఇనలేదని. నువ్వు మనసుల పెట్టుకోకు అక్కా. అమ్మకు నీ మీద కోపం లేకుండె. చిన్నది, తెల్వక చేసింది, మాఫ్ చేసిన అనేది."

నేను చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాను. ఆరేళ్ళుగా నేను ఎవరికి చెప్పినా మొదటి మాటకే నమ్మించాలని కూర్చి పెట్టుకున్న వాక్యాలు ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. తల్లి పోయి నెల కూడా కాని పిల్ల ఎదురుగా కూర్చుంది. చెప్పకుండా లేచి రావచ్చు. కానీ ఆ పిల్ల నన్ను ఓదారుస్తోంది. ఆ ఓదార్పును మాత్రం మింగలేకపోయాను.

"పంపు అన్నది మీ అమ్మనే చెల్లె" అన్నాను. "మూడుసార్లు అన్నది. బస్టాండుల కూసోని నాకే చెప్పింది."

ఆమె చెయ్యి తీసేసింది. బయట రోడ్డు మీద ట్రాక్టరు పోయింది. తరువాత మెల్లగా, "పోయినామె మీద ఎందుకక్కా గిట్ల చెప్తున్నవ్" అంది. కోపంగా కాదు, నన్ను చూసి జాలిపడినట్టు అంది. లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

నేను కాసేపు అట్లాగే కూర్చున్నాను. ఆమె రాలేదు. అరుగు పక్కన నీళ్ళ తొట్టి ఉంది. గ్లాసు కడిగి, అరుగు మీద బోర్లించి, చెప్పులు వేసుకొని వచ్చేశాను.